సంతకం పెట్టని కెప్టెన్

ఇంట్లో ఆమెను అందరూ మొండి అనే పిలిచేవారు. ఆ పేరు ఆరేళ్ళ వయసులో వచ్చింది. బడిలో వేసినప్పుడు, పిల్ల మరీ పీలగా ఉందని పంతులమ్మ ఒకటో తరగతి కాకుండా దాని కింది తరగతిలో కూర్చోబెట్టింది. అప్పటికే చదవడం, రాయడం వచ్చిన పిల్ల అక్కడ కూర్చోనంది. సంచీ పట్టుకుని వెళ్ళి ఒకటో తరగతి గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది. ఒక రోజు కాదు, నాలుగు రోజులు. లోపల చెబుతున్న పాఠం బయట కూర్చుని రాసుకుంది. అయిదో రోజు పంతులమ్మే విసుగెత్తి లోపలికి రమ్మంది. పిన్నిని పిలిపించి, "ఇదేం మొండిఘటమండీ!" అంది.

"మా ఇంటి ఘటమేనండీ" అంది పిన్ని, కాస్త గర్వంగానే.

పిన్ని సిటీ బస్సులో కండక్టరు. అక్క పోయాక అక్క కూతుర్ని తెచ్చుకుని పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "రోజంతా వెయ్యి మందిని ముందుకి జరగండి, జరగండి అని అరిచి ఇంటికొస్తాను. ఇంట్లో ఇంకొకణ్ణి జరగమనే ఓపిక నాకెక్కడిది?" అనేది. సెలవుల్లో పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక బస్సులోనే వెంట తిప్పేది. ఆ బస్సు ఆఖరి స్టాపు విమానాశ్రయం గోడ పక్కన. డ్రైవరు టీ తాగి వచ్చేలోపు మొండి వెనక సీటు మీద నిలబడి గోడ అవతల లేచే విమానాలను చూసేది. ఆ చూపు అక్కడే ఇరుక్కుపోయింది.

పైలట్ అయింది. అందుకు పడిన పాట్లు చెబితే అదో పెద్ద కథ. ఒక కంపెనీలో చిన్న ప్రొపెల్లర్ విమానాల మీద కో-పైలట్‌గా చేరి పదకొండేళ్ళు కుడి సీట్లోనే ఉండిపోయింది. విమానంలో ఎడమ సీటు కెప్టెన్‌ది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆమెను దాటుకుని ఎడమ సీట్లోకి వెళ్ళిపోయారు. కెప్టెన్ ఇంటర్వ్యూకి మొదటిసారి వెళ్తే అనుభవం చాలదన్నారు. రెండోసారి ఖాళీ లేదన్నారు. మూడోసారి బల్లకి అటుపక్క కూర్చున్న ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మీలో ఎదురు చెప్పే గుణం కాస్త ఎక్కువమ్మా. కెప్టెన్‌కి ఓర్పు ముఖ్యం" అన్నాడు.

"పదకొండేళ్ళు ఓర్చుకున్నాను సార్. ఇంతకంటే ఓర్పు కావాలంటే మీరు ఆ సీట్లో బండరాయిని పెట్టుకోవాల్సిందే" అని లేచి వచ్చేసింది.

అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. వేరే దేశంలో ఒక కంపెనీ అదే రకం విమానాలకు పైలట్లను తీసుకుంటోందని తెలిసి దరఖాస్తు పెట్టింది. ఉద్యోగం వచ్చింది. చుట్టాలు నోరు నొక్కుకున్నారు. ఈ వయసులో దేశం కాని దేశం వెళ్ళి మళ్ళీ ఓనమాలు దిద్దుకోవడమేమిటని బాబాయి ఒకాయన మొహం మీదే అడిగాడు.

"ఓనమాలు నాకొచ్చు బాబాయ్. వాళ్ళ బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ రాసి చూపించాలి, అంతే."

పిన్ని అప్పటికే రెండు చీరలు మడతపెట్టి పెట్టెలో పెడుతోంది. "నువ్వెక్కడికి పిన్నీ?" అంటే, "రిటైరై రెండేళ్ళయింది. ఇంట్లో కూర్చుని గొంతు తుప్పు పడుతోంది. అక్కడ అరవడానికి ఏదో ఒకటి దొరక్కపోతుందా?" అంది.

అక్కడ మొదటి ఏడాది చుక్కలు కనిపించాయి. పాత లైసెన్సు అక్కడ చెల్లదు. పదమూడు పరీక్షలు రాయాలి. ఇరవై ఏళ్ళ పిల్లల పక్కన కూర్చుని, వాతావరణం దగ్గర్నుంచి ఇంజన్ల దాకా అన్నీ మొదట్నుంచి చదవాలి. వాళ్ళకు దొరికిన ఇల్లు ఒక లాండ్రీ మీద రెండు గదులు. కింద మెషిన్లు తిరిగినంతసేపూ పైన బల్ల, బల్ల మీద గ్లాసులు, గ్లాసుల్లో నీళ్ళు వణుకుతూ ఉండేవి. "ప్రొపెల్లర్ విమానంలో ఉన్నట్టే ఉంది, మంచిదేలే" అని అక్కడే కూర్చుని చదివింది. నాలుగు నెలల్లో పదమూడూ పాసైంది.

తర్వాత యాస గొడవ. రేడియోలో ఆమె మాట కంట్రోల్ టవర్ వాళ్ళకు అర్థం కావడం లేదని, నాలుక కాస్త తిప్పి వాళ్ళలా మాట్లాడితే మేలని తోటి పైలట్ ఒకడు సలహా ఇచ్చాడు. ఆమె ఆలోచించి, మాట వేగం తగ్గించింది. ప్రతి అంకె విడివిడిగా పలకడం అలవాటు చేసుకుంది. నాలుక మాత్రం తిప్పలేదు. "అంకె స్పష్టంగా చెప్పడం నా పని. అది చేస్తున్నాను. యాస నాది, దాని జోలికి రాకండి" అంది. నెల తిరిగేసరికి టవర్ వాళ్ళు ఆమె గొంతును ఇట్టే గుర్తుపట్టడం మొదలుపెట్టారు.

ఏడాదిన్నరకు ఎడమ సీటు వచ్చింది. యూనిఫాం భుజాల మీద కెప్టెన్‌కి మాత్రమే ఉండే నాలుగో గీత చేరింది. పిన్ని ఆ గీతలను వేలితో తడిమి చూసి, "మా డిపో మేనేజరుకి కూడా లేవు" అంది.

కెప్టెన్‌గా రెండో వారంలోనే ఒక పెద్దమనిషి తగిలాడు. మొదటి వరుసలో కూర్చున్నవాడు, తెరిచి ఉన్న కాక్‌పిట్ తలుపులోంచి ఆమెను చూసి, దిగిపోతానని ఎయిర్ హోస్టెస్‌తో గొడవ మొదలుపెట్టాడు. మొండి బయటికి వచ్చి అతని ముందు నిలబడింది.

"తప్పకుండా దిగండి. మెట్లు ఇంకా తీయలేదు. మీ పెట్టె వెతికి కిందికి దించడానికి పావుగంట పడుతుంది. ఆలస్యం ఎవరివల్ల అయిందో మైకులో అందరికీ చెప్పాలి కదా, అందుకని మీ పేరొకటి చెప్పండి."

ఆయన పేరు చెప్పలేదు. బెల్టు పెట్టుకున్నాడు.

ఇలాంటివి ఆమె ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేది. నవ్వుతూ చెప్పలేనిది మూడో ఏడు చలికాలంలో జరిగింది.

ఒంటిగంటకు బయల్దేరాల్సిన విమానం. రెండు కొండల మధ్య ఉన్న చిన్న ఊరికి యాభై నిమిషాల ప్రయాణం. చలికాలంలో ఆ కొండల మీది మేఘాల్లోకి వెళ్తే ప్రొపెల్లర్ రెక్కలకు మంచు పేరుకుంటుంది. అది పేరుకోకుండా రెక్కల అంచులకు కరెంటుతో వేడెక్కే రబ్బరు పట్టీలు ఉంటాయి. అవి పనిచేయకపోతే ఇంజను వణుకుతుంది, లాగే బలం తగ్గుతుంది. అందుకే ఒక నియమం ఉంది: పట్టీలు చెడితే బాగుచేయడానికి మూడు రోజులు గడువు. ఆ మూడు రోజులూ విమానం అలాంటి మేఘాల్లోకి వెళ్ళకూడదు.

బయల్దేరే ముందు కెప్టెన్, విమానంలోని లోపాలూ మరమ్మతులూ రాసే లాగ్ బుక్కు చదివి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే విమానం కదులుతుంది. చాలామంది ఆఖరి పేజీ చూసి పెట్టేస్తారు. మొండికి వెనక పేజీలు తిప్పే అలవాటు. ఎడమ ప్రొపెల్లర్ వేడెక్కడం లేదని అంతకుముందు రోజు రాసి ఉంది. గడువు ఇంకా ఉంది. పేజీ వెనక్కి తిప్పింది. అదే ఫిర్యాదు, మూడో రోజున 'బాగుచేశాం' అని సంతకం. ఆ సాయంత్రమే మళ్ళీ అదే ఫిర్యాదు, కొత్తదిగా. ఇంకా వెనక్కి వెళ్తే మళ్ళీ అదే. పదమూడు రోజుల్లో అయిదుసార్లు పుట్టి, నాలుగుసార్లు 'బాగైన' రోగం అది.

పక్కన కో-పైలట్ ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, మెత్తని మనిషి, ఇంట్లో మూడు నెలల పాప. ఆమె బుక్కు అతని ఒళ్ళో పెట్టింది.

"ఏం కనిపిస్తోంది?"

అతను చదివాడు. "బాగుచేయలేదు కెప్టెన్. రాశారంతే."

"మేఘం సంగతి?"

"దారిలో ఉంది. రెండు గంటలకల్లా విడిపోతుందని రిపోర్టు."

ఆమె పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకుంది. ఈ విమానాన్ని తీసుకెళ్ళడం లేదని ఆఫీసుకు చెప్పింది. పది నిమిషాల్లో చీఫ్ పైలట్ మెట్లెక్కి వచ్చాడు. పైలట్లందరి మీదా అధికారి ఆయన. ఆజానుబాహుడు కావడంతో కాక్‌పిట్ గుమ్మంలో వంగి నిలబడాల్సి వచ్చింది.

"పదమూడు రోజులుగా అందరూ తీసుకెళ్తున్నారు. మీకొక్కరికే ఏమొచ్చింది?"

"అందరూ ఆఖరి పేజీ చదివి ఉంటారు. నేను అయిదూ చదివాను."

"గడువు లోపలే ఉంది. మీరు చేరేసరికి మేఘం ఎలాగూ విడిపోతుంది. నియమం ప్రకారం మీరు వెళ్ళొచ్చు."

"ఒకే రోగానికి అయిదుసార్లు పుట్టినరోజు చేస్తే గడువెప్పటికీ లోపలే ఉంటుంది సార్. పట్టీ మార్చండి, వెళ్తాను. లేదా మేఘం పోయాక వెళ్తాను."

ఆయన గొంతు తగ్గించాడు. "మీ వర్క్ పర్మిట్ మా కంపెనీ ఉత్తరం మీద నడుస్తోందని గుర్తుందా?"

"గుర్తుంది. విమానం మాత్రం ఆ ఉత్తరం మీద నడవదు కదా."

ఆయన మొహం కందగడ్డ అయింది. ఆమెను దిగిపొమ్మన్నాడు.

లోపల అరవై రెండు మంది కూర్చుని ఉన్నారు. మైకులో చెప్పి తప్పించుకోవచ్చు. ఆమె సీట్ల మధ్యకి వెళ్ళి నిలబడి చెప్పింది: విమానంలో ఒక లోపం ఉంది, ఈ వాతావరణంలో దీన్ని నేను నడపను. అరుపులు మొదలయ్యాయి. తమ్ముడికి ఆపరేషన్ ఉందని పరుగెత్తుకొచ్చిన ఒకావిడ, "నీకు భయమైతే ఇంట్లో కూర్చో! మా ప్రాణాలెందుకు తోడేస్తావు?" అని ఏడ్చింది. ఆ మాట సూటిగా గుండెలో దిగింది. ఆమె కదల్లేదు. "నన్నే తిట్టండి. ఈ అమ్మాయిల తప్పేమీ లేదు" అని ఎయిర్ హోస్టెస్‌లను చూపించి, అందరూ అనాల్సిందంతా అనేవరకూ అక్కడే నిలబడి, తర్వాత దిగింది.

నలభై నిమిషాల తర్వాత వేరే కెప్టెన్ వచ్చి సంతకం పెట్టాడు. అదే విమానం, అదే కో-పైలట్, ఒక్కరు కూడా తగ్గని ఆ అరవై రెండు మంది. పైలట్ల గది కిటికీలోంచి ఆమె అది లేవడం చూసింది. తిరిగి వచ్చేదాకా కుర్చీలో కూర్చోలేకపోయింది. ఎండ వాలకముందే విమానం క్షేమంగా దిగింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి పూర్తి కాకముందే వెనక నుంచి చీఫ్ పైలట్ గొంతు వినిపించింది.

"చూశారా? ఏమీ కాలేదు."

"మేఘం విడిపోయింది. అదృష్టం బాగుంది. అదృష్టాన్ని లాగ్ బుక్కులో ఏ గడిలో రాయాలో చెప్పండి సార్, ఈసారి నేనూ రాస్తాను."

వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది. 'ఆజ్ఞ ధిక్కరించడం, ప్రయాణికులను భయపెట్టడం' అని కాగితంలో రాశారు. వేరే పని దొరక్కపోతే అరవై రోజుల్లో దేశం వదిలి వెళ్ళాలి. తోటి పైలట్లు ఫోను ఎత్తడం మానేశారు. పిరికిది అన్న మాట గదులు దాటి ఆమె చెవిన పడింది.

ఆ కాగితాన్ని పిన్నికి చదివి వినిపించింది. కింద మెషిన్లు తిరుగుతున్నాయి. పిన్ని అంతవరకూ ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

"ఒక వానాకాలం వంతెన మీదకి నీళ్ళొస్తుంటే నేను బెల్లు కొట్టలేదే. బస్సు కదలనివ్వలేదు. జనం నన్ను బండబూతులు తిట్టారు. వెనకొచ్చిన బస్సు మమ్మల్ని దాటుకుని ఝామ్మని వెళ్ళిపోయింది. దానికేమీ కాలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది? డిపోలో ఆర్నెల్లు నన్ను చూసి నవ్వారు. నవ్వితే నవ్వారు. ఇంకోసారి నీళ్ళొస్తే ఇంకోసారి కొట్టనని చెప్పాను." పిన్ని కాగితం లాక్కుని మడిచి బల్ల సందులో కుక్కింది. "అరవై రోజులంటే తక్కువేం కాదు. లే, ఏం చేద్దామో చెప్పు."

విమానాల భద్రత చూసే ప్రభుత్వ కార్యాలయం ఊరికి అటు చివర. మొదటిసారి వెళ్తే, రాసిచ్చి వెళ్ళమన్నారు. రెండోసారి, చూడాల్సిన అధికారి సెలవులో ఉన్నారన్నారు. మూడోసారి పిన్ని కూడా వెంట వచ్చింది. రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాక, ఇద్దరినీ చూడనట్టు నటిస్తూ వెళ్తున్న గుమాస్తాను చూసి పిన్ని తన బస్సు గొంతు విప్పింది. భాష రాకపోతేనేం, ఆ గొంతుకు అర్థం అక్కర్లేదు. మూడు గదుల తలుపులు తెరుచుకున్నాయి. వాటిలో ఒక దాంట్లోంచి విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ తొంగిచూసింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఉన్న ఆవిడ, "ఎవరికోసం వచ్చారు?" అని అడిగింది.

లాగ్ బుక్కు నకళ్ళు మొండి దగ్గర లేవు, కంపెనీ ఇవ్వలేదు. కానీ అయిదు పేజీల నంబర్లు, తేదీలు తడుముకోకుండా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ రాసుకుంది. "మీరు చెబుతున్నారు సరే. మెకానిక్కులు ఏమంటారు?"

ఆ సంగతి మొండికీ తెలియదు. జవాబు తనంతట తనే నడిచి వచ్చింది. రెండు రోజుల తర్వాత కంపెనీ పెద్ద మెకానిక్, అరవైకి దగ్గర పడిన మనిషి, చేతిలో రెండు మాసిన చొక్కాలు పట్టుకుని లాండ్రీకి వచ్చాడు. చొక్కాలు కింద ఇచ్చి పైకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ నాలుగు సంతకాలూ నావేనమ్మా. పట్టీ కావాలని అడిగాను, తెప్పించలేదు. బాగైందని రాసెయ్యమన్నారు. రాశాను." అతను తన చేతులకేసి చూసుకున్నాడు. "నా అంతట నేను వెళ్ళి చెప్పే ధైర్యం నాకు లేదు. ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పను."

"అడిగించడం నా వంతు" అంది మొండి.

నలభయ్యో రోజు ఉదయం ఇన్‌స్పెక్టర్ చెప్పాపెట్టకుండా, కంపెనీ విమానాలు నిలిపే హ్యాంగర్‌లోకి నడిచి వచ్చింది. ఆ విమానం అక్కడే ఉంది. పట్టీలకు కరెంటు పెట్టమంది. కాసేపాగి, ఒక స్టూలు తెప్పించుకుని ఎక్కి, కుడి ప్రొపెల్లర్ రెక్క అంచు మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. స్టూలు ఎడమవైపుకు జరిపించింది. చెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచి, చీఫ్ పైలట్ వైపు తిరిగి, "మీరూ ఒకసారి చెయ్యి పెట్టండి" అంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. పక్కన నిలబడ్డ పెద్ద మెకానిక్‌ను అప్పుడు అడిగింది. అతను చెప్పాడు. ఎవరూ అడక్కుండానే కో-పైలట్ కూడా ముందుకు వచ్చి, ఆ రోజు కాక్‌పిట్‌లో ఏం మాట్లాడుకున్నారో మొత్తం చెప్పాడు. ఈ సంగతులన్నీ మొండికి ఆ కో-పైలట్ నోటే తెలిశాయి.

ఆ విమానాన్ని అక్కడికక్కడే ఆపేశారు. వెతికితే ఇంకో రెండు విమానాలకూ అలాంటి రోగాలే బయటపడ్డాయి.

అప్పుడు కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఉద్యోగం తిరిగి ఇస్తారట. ఒక చిన్న ఉత్తరం మీద సంతకం పెడితే చాలట. 'తొందరపాటు వల్ల, అవగాహన లోపం వల్ల జరిగిన సంఘటనకు చింతిస్తున్నాను' అని రెండు వాక్యాలు. పర్మిట్‌కు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఆమె ఆఫీసుకు వెళ్తే కంపెనీ మేనేజరు పెన్ను కూడా ముందుకు జరిపాడు.

"ఏదో మాటవరసకి రాసింది. ఎవరూ చదవరు కూడా" అన్నాడు.

"ఎవరూ చదవరనే కదా సార్ మీ లాగ్ బుక్కు అలా తయారైంది" అని ఉత్తరాన్ని ఆయన ముందే వదిలేసి వచ్చింది.

ఆ వారం ఇంట్లో పెట్టెలు సర్దడం మొదలుపెట్టారు. పిన్ని సర్దుతూ పాట కూడా పాడింది, బింకంగా, శ్రుతి తప్పుతూ. మొండికి మాత్రం అన్నం సయించలేదు. పదమూడు పరీక్షలూ, ఎడమ సీటూ కళ్ళ ముందు తిరిగాయి. సంతకం పెట్టి ఉంటే అన్న ఆలోచన రాలేదని ఆమె ఎవరికీ అబద్ధం చెప్పదు. వచ్చింది, రెండుసార్లు. రెండుసార్లూ లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

ఇంకా నాలుగు రోజులుందనగా ఇన్‌స్పెక్టర్ నివేదిక వెలువడింది. కెప్టెన్ నిర్ణయం సరైనదనీ, దాని కారణంగా ఆమెను తొలగించడం చెల్లదనీ అందులో ఉంది. కంపెనీ ఆమెను ఏ ఉత్తరమూ లేకుండా వెనక్కి తీసుకుంది. చీఫ్ పైలట్‌ను ఇంకో కుర్చీలోకి మార్చారు. కుర్చీ మారింది, అంతే, ఆయన అదే అంతస్తులో ఉన్నాడు.

తిరిగి వెళ్ళిన రోజున ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పైలట్ల గదిలో ఆమె కూర్చుంటే పక్క కుర్చీలు ఖాళీ అయ్యేవి. ఆ రోజు విమానం తీసుకెళ్ళిన కెప్టెన్ ఆమెను చూస్తే మొహం తిప్పుకునేవాడు, ఇప్పటికీ తిప్పుకుంటాడు. ఆమె గది మూలకు పోలేదు. సరిగ్గా మధ్యలో ఉన్న కుర్చీ ఎంచుకుని, రోజూ అందులోనే కూర్చుని, ఎదురొచ్చిన ప్రతివాడికీ పేరు పెట్టి నమస్కారం చెప్పేది. జవాబిచ్చారా లేదా అన్నది వాళ్ళ గొడవ. ఏడు నెలలు పట్టింది పక్క కుర్చీలో ఒకరు కూర్చోవడానికి.

ఇప్పుడు ఆమెకు నలభై ఆరేళ్ళు. కిందటేడు కొత్త కెప్టెన్లకు శిక్షణ ఇచ్చే పని అప్పగిస్తూ, ఇకనైనా కాస్త మెత్తబడమన్నారు. "మెత్తబడ్డవాళ్ళు మీకు చాలామంది ఉన్నారుగా, వాళ్ళకే ఇవ్వండి" అంది. ఆ పని ఆమెకే ఇచ్చారు. పిన్నికి అరవై తొమ్మిది. వీధి చివర స్టాపులో వరస తప్పి బస్సెక్కేవాళ్ళను ఏ భాషా కాని భాషలో కేకలేసి సరిచేస్తూ ఉంటుంది. డ్రైవర్లంతా ఆవిడకు పరిచయమే.

మొన్నొక ఉదయం, కెప్టెన్ పరీక్షకు వచ్చిన ఒక కుర్రది, విమానం దగ్గరికి నడుస్తూ ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

"కెప్టెన్, ఆ రోజు మీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకు వెయ్యదూ? కాళ్ళు వణికాయి. నడపడానికి కాదు. ఆ చీఫ్ పైలట్ మొహం మీద కుదరదని చెప్పడానికి."

"మరెలా చెప్పారు?"

"కూర్చుని ఉన్నాను కదా, కాళ్ళు ఆయనకి కనపడలేదు." మొండి మెట్ల దగ్గర ఆగి లాగ్ బుక్కు ఆ అమ్మాయి చేతికిచ్చింది. "నువ్వు చదువు. సంతకం నీదే ఇవాళ."